కింది ఇంటిని అదరగొట్టని డ్రమ్స్ సాధన

అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నాను కాబట్టి ఎలక్ట్రానిక్ డ్రమ్స్ కొని, హెడ్‌ఫోన్స్ పెట్టుకునే వాయిస్తున్నా, కింది ఇంటి పెద్దాయన పైకి వచ్చి, "బాబూ, రోట్లో దంచుతున్నట్టు మా సీలింగ్ అదురుతోంది" అన్నారు. ఆయన బాధ నిజమే. కర్రలతో కొట్టే మెష్ ప్యాడ్ల (వల లాంటి గుడ్డ బిగించిన పలకల) చప్పుడు గది దాటదు గానీ, కాలితో తొక్కి వాయించే కిక్ పెడల్ దెబ్బ స్లాబు గుండా నేరుగా కిందికి దిగుతుంది. రబ్బరు చాప పరిచినా పెద్దగా తగ్గలేదు.

చివరకు 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ పలకలు రెండు తెచ్చి, వాటికి 5 సెంటీమీటర్ల రంధ్రాలు కోయించి, మధ్యలో పాత టెన్నిస్ బంతులు కదలకుండా కూర్చోబెట్టి, బరువు ఎక్కువగా పడే పెడల్, స్టూలు కింద ఆ బంతులను దగ్గరదగ్గరగా అమర్చాను. పై పలక గోడకు ఆనితే శ్రమంతా వృథా. అందుకే చుట్టూ నాలుగు వేళ్ల ఎడం వదిలాను. తమ్ముడు వాయిస్తుండగా పెద్దాయన హాల్లో కూర్చుని విన్నాను: ఫ్యాను ఆపితే తప్ప ఆ దెబ్బ తెలియలేదు.