గొరిల్లా గ్లాస్ ఉన్న ఫోన్‌కి టెంపర్డ్ గ్లాస్ వేయాలా? ఎలా తేల్చుకోవాలి?

ఫోన్ పెట్టె మీద గొరిల్లా గ్లాస్ అని ఉంటుంది. బిల్లు కట్టగానే షాపతను మాత్రం "టెంపర్డ్ గ్లాస్ వేసేద్దామా?" అంటాడు. గట్టి గాజు మీద మళ్లీ గాజెందుకన్న సందేహం సబబే. కానీ హైదరాబాద్‌లో తిరిగేవాళ్లు వేయించుకోవడమే మేలంటాను. కింద పడుతుందని కాదు, దుమ్ము వల్ల.

కార్నింగ్ కంపెనీ తయారుచేసే గొరిల్లా గ్లాస్‌ను సుమారు 400 డిగ్రీల వేడిలో కరిగిన పొటాషియం ఉప్పులో ముంచుతారు. గాజులోని చిన్న సోడియం అయాన్లు బయటికొచ్చి, ఆ చోటులో పెద్ద పొటాషియం అయాన్లు దూరతాయి. ముగ్గురు పట్టే షేర్ ఆటో సీట్లో ఐదుగురు ఇరుక్కున్నట్టే. అలా పైపొర బిగుసుకుంటుంది కాబట్టి పడినా అంత తేలిగ్గా పగలదు.

గీతల లెక్క వేరు. గట్టిదనాన్ని కొలిచే మోస్ స్కేలులో 6 దగ్గర ఫోన్ గాజు మీద సన్న గీతలు మొదలవుతాయి, 7 దగ్గర లోతుగా పడతాయి. తాళాలు, చిల్లర నాణేలు అంతకంటే మెత్తన, వాటితో టెన్షన్ లేదు. ఇసుకలోని క్వార్ట్జ్ మాత్రం సరిగ్గా 7. మన ఊరు నిలబడిందే గ్రానైట్ మీద, అందులోనూ క్వార్ట్జే. ఎక్కడ చూసినా కట్టడాలు, తవ్వకాలు. జేబులో చేరిన ఆ రేణువు ఒక్కటి చాలు. లోతుగా గీసుకుంటే బిగువు పొర దెబ్బతింటుంది, తర్వాతెప్పుడో ఫోన్ పడితే పగులు అక్కడి నుంచే మొదలుకావచ్చు.

ముందు మీ ఫోన్‌ని ఆఫ్ చేసి ట్యూబ్‌లైట్ కింద ఏటవాలుగా పట్టుకుని చూడండి. చాలా ఫోన్లకు కంపెనీయే పల్చటి ప్లాస్టిక్ పొర అంటించి పంపుతుంది. అంచున గోరుతో తడిమితే తెలుస్తుంది. టెంపర్డ్ గ్లాస్ వేయాలంటే దాన్ని తీసేయాలి. మడత ఫోన్ లోపలి స్క్రీన్ మీద పొరను మాత్రం ఎట్టిపరిస్థితుల్లోనూ పీకొద్దు.

రోజంతా ఏసీ ఆఫీసు, ఫోన్‌కి అంచులు ఎత్తుగా ఉన్న పౌచ్, ప్యాంటు జేబులో పెట్టే అలవాటు లేదు అంటే మానేయొచ్చు. గెలాక్సీ ఎస్24 అల్ట్రా లాంటి వాటి గాజు వెలుగు ప్రతిఫలించకుండా చేసి ఉంటుంది. పైన మామూలు గ్లాస్ వేస్తే ఆ సుఖం పోతుంది. బైక్ మీద తిరిగేవాళ్లు, సైట్ల దగ్గర పనిచేసేవాళ్లు మరో ఆలోచన లేకుండా వేయించుకోండి.

కొనడానికి జగదీశ్ మార్కెట్‌కో, కోఠి గుజరాతీ గల్లీకో వెళ్తే "9హెచ్ అన్నా, సుత్తితో కొట్టినా పగలదు" అని వినిపిస్తుంది. ఆ 9హెచ్ పెన్సిల్‌తో గీసి చూసే పరీక్షది, మోస్ స్కేలుతో దానికి సంబంధం లేదు. ఈ గాజు కూడా ఇసుకకు గీసుకుంటుంది. దాని పనే అది, గీతలు తను పడటం. కాబట్టి ఆ అంకెకి ఎక్కువ డబ్బు పెట్టకండి. మీ పౌచ్ తొడిగితే అంచులు లేస్తున్నాయా చూడండి. వేలిముద్ర స్క్రీన్ కిందే ఉంటే, అక్కడే వేయించి, వేలిని మళ్లీ నమోదు చేసి, లాక్ తెరుచుకుంటేనే డబ్బివ్వండి. వంపు స్క్రీన్లకు వాడే, యూవీ లైటుతో గట్టిపడే జిగురు స్పీకర్‌లోకీ బటన్లలోకీ కారే ప్రమాదముంది, వాటికి మెత్తటి ఫిల్మే నయం.

ఇంట్లో వేసుకుంటే ఫ్యాన్ ఆపండి. వేడినీళ్ల స్నానం అయిన వెంటనే బాత్రూమ్‌లో గాలిలో దుమ్ము తక్కువుంటుంది, అక్కడే వేయడం తేలిక. తడి వైప్‌తో తుడిచి, పొడిగుడ్డతో ఆరబెట్టి, స్టిక్కర్‌తో మిగిలిన నలుసులు అద్దుకోవాలి. పైన స్పీకర్ గీత చూసి సరిపెట్టి వదిలి, మధ్యలో వేలితో నొక్కితే జిగురు తనంతట తానే పాకుతుంది. నొక్కితే జరిగే బుడగ గాలిది. జరగనిదాని కింద నలుసు ఉన్నట్టు. ఆ మూల టేపుతో లేపి, స్టిక్కర్‌తో నలుసు తీసి మళ్లీ దించండి.

పగిలితే ఆలస్యం చేయకుండా మార్చండి. పాతదాన్ని ప్లాస్టిక్ కార్డుతో ఒక మూల నుంచి మెల్లగా లేపాలి. వంచి లాగారంటే ముక్కలై వేళ్లకు గుచ్చుకుంటుంది.