ఎన్‌ఎస్‌ఎస్‌లో చేరాలంటే: దరఖాస్తు నుంచి సర్టిఫికెట్ దాకా

ఎన్‌ఎస్‌ఎస్‌లో, అంటే విద్యార్థులతో సమాజసేవ చేయించే జాతీయ సేవా పథకంలో, చేరడానికి మీరు ఏ ప్రభుత్వ ఆఫీసు మెట్లూ ఎక్కనక్కర్లేదు. దరఖాస్తు తీసుకునేది మీ కాలేజీలో పాఠం చెప్పే లెక్చరర్లలో ఒకరే. కాగితం మీద ప్రోగ్రాం ఆఫీసర్, పిల్లల నోట్లో పీవో సార్ లేదా పీవో మేడమ్. కాలేజీలో యూనిట్ ఉందా, అందులో ఖాళీ ఉందా అన్నది ముందు వారినే అడగండి. సాధారణంగా ఒక యూనిట్‌కు 100 మందిని తీసుకుంటారు.

అడగాల్సింది డిగ్రీ మొదటి ఏడాదిలోనే. పథకం లెక్క రెండేళ్లది, ఏడాదికి 120 గంటల చొప్పున మొత్తం 240 గంటల సేవ. ఆఖరి ఏడాదిలో గుర్తొచ్చి పరుగెత్తితే గంటలు పూర్తికావు. ఇంకో మాట, ఎన్‌సీసీలో ఉన్నవాళ్లను ఇందులోకి తీసుకోరు. రెండింటిలో ఏదో ఒకటి ముందే తేల్చుకోండి.

ఫారంలో పేరు, తరగతి, ఫోన్ నంబర్ వంటి వివరాలే ఉంటాయి. దానితోపాటు కేంద్ర యువజన శాఖ ఆధ్వర్యంలో 2023 అక్టోబర్ 31న మొదలైన మై భారత్ పోర్టల్‌లోనూ నమోదు చేసుకోండి. 15 నుంచి 29 ఏళ్ల వాళ్ల కోసం పెట్టిన పోర్టల్ అది. రెండుచోట్లా పేరు పదో తరగతి మెమోలో ఉన్నట్టే, ఇంటిపేరుతో సహా రాయండి. ఇంట్లో పిలిచే పేరు రాసి తర్వాత దిద్దించుకోవడం పెద్ద తలనొప్పి.

చేరడం ఇంతే. అసలు పని గంటలది. ఏటా 120లో 20 అవగాహన తరగతులకు, 30 కాలేజీ ఆవరణలో పనికి, మిగతా 70 ఊళ్లో, బస్తీలో సేవకు. ఏ రోజు ఏం చేశారో డైరీలో అదే రోజు రాసి పీవోతో సంతకం పెట్టించుకోండి. నెలాఖరున గుర్తు తెచ్చుకుని రాసిన డైరీ చూడగానే తెలిసిపోతుంది.

సర్టిఫికెట్‌కు గంటలతోపాటు ఏడు రోజుల ప్రత్యేక శిబిరం కూడా చేయాలి. మీ యూనిట్ దత్తత తీసుకున్న ఊళ్లోనే మకాం, చాలాచోట్ల బడి గదులే బస. పొద్దున శ్రమదానం, మధ్యాహ్నం ఇంటింటి సర్వే, సాయంత్రం ఊరివాళ్లతో సమావేశం. నన్నడిగితే నాయకత్వం నేర్పేది ఈ వారమే. చెత్త ఎత్తడానికి సర్పంచ్‌ను ఒప్పించి ట్రాక్టర్ తెప్పించాలి. అరుగు మీద కూర్చున్న పెద్దాయన ‘మీరు పోయాక ఎవరు ఊడుస్తారర్రా?’ అంటే జవాబు వెతుక్కోవాలి. అలా ముందుకొచ్చి పని నడిపించేవాళ్ల మీదే పీవో దృష్టి పడుతుంది. జనవరి నెలంతా ఢిల్లీలో జరిగే గణతంత్ర దినోత్సవ శిబిరం ఎంపికకు పేర్లు వెళ్లేదీ కాలేజీ నుంచే. దానికి కవాతు, సాంస్కృతిక కార్యక్రమాల్లోనూ పట్టుండాలి.

1969 సెప్టెంబర్ 24న, గాంధీ శతజయంతి ఏడాదిలో, 37 విశ్వవిద్యాలయాల్లో దాదాపు 40 వేల మందితో మొదలైన పథకమిది. బ్యాడ్జీ మీది కోణార్క రథచక్రానికి ఎనిమిది ఆకులు (చువ్వలు). అంటే ఎనిమిది జాములు, రోజంతా సేవకు సిద్ధమని.

సర్టిఫికెట్ వచ్చేది విశ్వవిద్యాలయం నుంచి. కాలేజీ పంపే జాబితాలో మీ పేరుందో లేదో, అక్షరాలు సరిగ్గా పడ్డాయో లేదో చివరి పరీక్షలకు ముందే వెళ్లి చూసుకోండి. టీసీ తీసుకుని ఊరికి వెళ్లిపోయాక ఆ పని చేయించుకోవడం కష్టం.