అమ్మ ఆయాసానికి బెంగళూరు చలే కారణమా? ఊపిరితిత్తుల పరీక్ష ఎలా చేయించాలి?

అనంతపురం నుంచో మదనపల్లె నుంచో అమ్మానాన్నల్ని బెంగళూరు తెచ్చుకున్న ఇళ్లలో తరచూ వినపడే మాట: "ఇక్కడి చలి పడలేదు, దగ్గు పట్టుకుంది." చలికి దగ్గు పెరగొచ్చు, నిజమే. కానీ ఏళ్ల తరబడి కట్టెల పొయ్యి ఊదిన మనిషికి గాలిగొట్టాలు ఊళ్లో ఉండగానే ఇరుకై ఉండొచ్చు. ఆ జబ్బు పేరు సీఓపీడీ. మెల్లగా ముదురుతుంది, పూర్తిగా నయం కాదు. ముందే తెలిస్తే మాత్రం ఆయాసాన్ని చాలావరకు అదుపులో పెట్టొచ్చు.

దీన్ని తేల్చేది స్పైరోమెట్రీ, అంటే యంత్రంలోకి గాలి ఊదించి ఊపిరితిత్తుల పనితీరు కొలిచే పరీక్ష. అయితే ఈ పరీక్ష ఇంట్లో అందరికీ అక్కర్లేదు. ఏ ఇబ్బందీ లేనివాళ్లకు సీఓపీడీ స్క్రీనింగ్ (లక్షణాలు లేకున్నా ముందుగా చేసే పరీక్ష) వద్దని అమెరికా నిపుణుల బృందం 2022లో మరోసారి చెప్పింది. అపార్ట్‌మెంట్ హెల్త్ క్యాంపులో కుర్రాళ్లంతా వరసగా నిలబడి ఊదడం నా దృష్టిలో కాలక్షేపమే. దగ్గు, కఫం, ఆయాసం, పిల్లికూతలు వదలకుండా ఉన్నవాళ్లను, ముఖ్యంగా నలభై దాటినవాళ్లను, వెతికి పట్టుకోవడమే అసలు పని.

మొదట ఇంట్లో అడగండి

"ఆయాసం వస్తోందా?" అంటే "ఏం లేదు లేరా" అనేస్తారు. అబద్ధం కాదు. ఆయాసం వచ్చే పనులన్నీ ఒక్కొక్కటే మానేశారు, అంతే. అందుకని ఇలా అడగండి: పోయినేడు గుడికి నడిచి వెళ్లేదానివి, ఇప్పుడు ఆటో ఎందుకమ్మా? మెట్లెక్కుతూ ఎక్కడ ఆగుతున్నావు? తోటి వయసువాళ్లతో నడిస్తే వెనకబడిపోతున్నావా?

తర్వాత పొగ, దుమ్ము లెక్క. బీడీ, చుట్ట సరే. కట్టెలు, పిడకలతో ఎన్నేళ్లు వండారు? క్వారీలోనో ఇటుక బట్టీలోనో పనిచేశారా? ఎప్పుడైనా టీబీ వచ్చిందా? మూసిన గదిలో రోజూ దోమల చుట్ట కాలుస్తారా? ఆడవాళ్లను పొగ గురించి డాక్టర్లు అడగకపోవచ్చు. శ్రీకాకుళం, విశాఖ వైపు చుట్ట వెలిగిన కొనను నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే ముసలమ్మలు ఉన్నారు, వాళ్ల సంగతి మీరే చెప్పాలి. ఇదంతా ఒక చీటీ మీద రాసుకోండి.

దగ్గర్లోని క్లినిక్‌కు వెళ్లండి

వార్డులో ఉన్న ప్రభుత్వ నమ్మ క్లినిక్‌తో మొదలుపెట్టొచ్చు. దగ్గు రెండు వారాలు దాటితే ముందు టీబీకి కఫం పరీక్ష చేయించాలి, ప్రభుత్వ కేంద్రాల్లో అది ఉచితం. కఫంలో రక్తం పడుతున్నా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా వెంటనే డాక్టరుకు చెప్పాలి.

రక్తంలో ఆక్సిజన్ చూసే ఆక్సిమీటర్ వేలికి పెట్టి "98 ఉంది, బాగుంది" అంటే నిశ్చింతగా ఇంటికొచ్చేయకండి. ఎక్స్‌రే బాగున్నా అంతే. సీఓపీడీ తొలిదశలో ఈ రెండూ మామూలుగానే ఉండొచ్చు. పీక్ ఫ్లో మీటర్ (ఎంత వేగంగా ఊదగలరో కొలిచే చిన్న గొట్టం) ఉంటే ఊదించమనండి. మగవాళ్లకు నిమిషానికి 350 లీటర్లు, ఆడవాళ్లకు 250 లీటర్ల లోపు వస్తే స్పైరోమెట్రీకి వెళ్లాలని ఒక అమెరికన్ పద్ధతి గీత గీసింది. పొట్టిగా, బక్కపలచగా ఉండే మన పెద్దవాళ్లకు దాన్ని ఒక అంచనాగానే తీసుకోవాలి.

స్పైరోమెట్రీ: తేల్చేది ఇదే

చాలామంది దీన్ని పీఎఫ్‌టీ అంటారు. చిన్న క్లినిక్‌లో ఈ యంత్రం లేకపోతే చీటీ రాయించుకుని పెద్దాసుపత్రికి వెళ్లండి. నిమ్హాన్స్ దగ్గర్లో రాజీవ్ గాంధీ పేరుతో ప్రభుత్వ ఛాతీ ఆసుపత్రి ఉంది.

ముందు రెండు గంటలు కడుపు నిండా తినకూడదు, గంట ముందు నుంచి పొగ తాగకూడదు. బిగుతు బట్టలు వద్దు. ఇన్‌హేలర్ వాడుతుంటే ఎన్ని గంటల ముందు ఆపాలో అడిగి తెలుసుకోండి. ఈమధ్య గుండెపోటు వచ్చినా, కంటికో కడుపుకో ఆపరేషన్ అయినా, టీబీ అనుమానం ఉన్నా ముందే చెప్పాలి. అప్పుడు పరీక్ష వాయిదా వేస్తారు.

ముక్కుకు క్లిప్పు పెడతారు. నిండా గాలి పీల్చి, గొట్టం చుట్టూ పెదాలు బిగించి, ఒక్కసారిగా బలంగా ఊది, కనీసం ఆరు సెకన్లు ఊదుతూనే ఉండాలి. సరిగ్గా కుదిరినవి మూడు కావాలి. పెద్దవాళ్లు తడబడేది ఇక్కడే. టెక్నీషియన్ కన్నడలోనో హిందీలోనో తొందరపెడుతుంటే అమ్మ మధ్యలో ఆపేస్తుంది. అనుమతి అడిగి పక్కన నిలబడి, "ఊదు, ఇంకా, ఇంకా, ఆపొద్దమ్మా" అని మీరే చెప్పండి.

తర్వాత గాలిగొట్టాలను తెరిచే మందు సాల్బుటమాల్ 400 మైక్రోగ్రాములు పీల్పించి, పదిహేను నిమిషాలాగి మళ్లీ ఊదిస్తారు. ఈ రెండో విడత లేకుండా పంపేస్తుంటే తప్పకుండా అడగండి, సీఓపీడీని తేల్చేది మందు తర్వాత వచ్చిన అంకెలే. మొత్తం ఊదిన గాలిలో మొదటి సెకనులో వచ్చిన వాటా 0.7 కన్నా తక్కువుంటే గాలిగొట్టాలు ఇరుకైనట్టు. మందుతో బాగా తెరుచుకుంటే ఉబ్బసం కావచ్చు. వయసుతో ఈ వాటా సహజంగానే కొంత తగ్గుతుంది కాబట్టి, గీతకు అటూ ఇటూగా వస్తే ఇంకో రోజు మళ్లీ చేయించాలి.

జబ్బు తేలితే

పొగ మానడానికి సాయం కావాలంటే 1800-11-2356కు ఫోన్ చేయొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు. ఫ్లూ, న్యుమోనియా టీకాల గురించి డాక్టరును అడగండి. ఇన్‌హేలర్ రాస్తే, అమ్మ చేత డాక్టరు ముందే ఒకసారి పీల్పించి, సరిగ్గా పీలుస్తోందో లేదో చూడమనండి. స్పైరోమెట్రీ కాగితాన్ని ఫోటో తీసి ఫోన్‌లో పెట్టుకోండి. సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు ఆయాసం ముదిరితే అక్కడి డాక్టరు ముందుగా అడిగేది పాత రిపోర్టే.