280జెడ్ ఐడ్లింగ్‌లో వణుకుతోందా? స్క్రూలు ముట్టుకోకముందు ఇవి చూడండి

సిగ్నల్ దగ్గర ఆగగానే ఆర్‌పీఎం ముల్లు 600కి పడుతుంది, మళ్లీ 1000కి లేస్తుంది, సీటు కింద నుంచి వణుకు తెలుస్తుంది, ఒక్కోసారి బండి ఆగిపోతుంది కూడా. గేరు వేసి వెళ్తే మాత్రం బాగానే పరుగెడుతుంది. డాట్సన్ 280జెడ్ అనే ఈ పాత స్పోర్ట్స్ కారు కొత్తగా కొన్నవాళ్లకు ఎక్కువగా వచ్చే టెన్షన్ ఇదే. డల్లాస్‌లో నా 1977 బండితో చాలా వారాంతాలు గడిపాక అర్థమైంది ఒకటే: తప్పు దాదాపు ఎప్పుడూ కంప్యూటర్‌లో ఉండదు, పాతబడిన రబ్బరులోనూ తుప్పు పట్టిన కనెక్టర్లలోనూ ఉంటుంది. కానీ అందరూ ముందు తిప్పేది స్క్రూలనే.

ఈ బండి కంటే ముందొచ్చిన 240జెడ్, 260జెడ్‌లకు కార్బురేటర్లు ఉండేవి. అమెరికాలో పొగ నిబంధనలు బిగిసేసరికి 1975 నుంచి 1978 వరకు అమ్మిన 280జెడ్‌లో బాష్ ఎల్-జెట్రానిక్ పద్ధతిలో ఇంజెక్షన్ పెట్టారు, అంటే కంప్యూటర్ చెప్పినంత పెట్రోల్‌ను ఇంజెక్టర్లు చిమ్ముతాయి. అది పనిచేసే తీరు తెలిస్తే సగం పని అయినట్టే. ఎయిర్ ఫిల్టర్ దాటగానే ఒక పెట్టె ఉంటుంది, దాన్ని ఎయిర్ ఫ్లో మీటర్ అంటారు. లోపలికి వెళ్లే గాలి అందులోని రెక్కను నెడుతుంది, రెక్క ఎంత తెరుచుకుందో చూసి కంట్రోల్ యూనిట్ (పైన చెప్పిన కంప్యూటర్ ఇదే) ఎంత పెట్రోల్ పంపాలో లెక్క కడుతుంది. అంటే ఆ రెక్కను దాటకుండా దొంగదారిన వచ్చిన గాలి లెక్కలోకే రాదు. గాలి పెరిగింది, పెట్రోల్ పెరగలేదు, ఇంజిన్ మిస్ అవుతుంది. స్పీడు మీద ఆ కొంచెం గాలి తెలియదు కానీ ఐడ్లింగ్‌లో మొత్తం గాలే తక్కువ కాబట్టి చిన్న చీలిక కూడా పెద్ద తేడా తెస్తుంది.

మొదటి పరీక్షకు పనిముట్లేవీ అక్కర్లేదు. ఇంజిన్ వేడెక్కి నడుస్తుండగా ఆయిల్ పోసే మూత తీయండి. బాగున్న ఇంజిన్ అయితే వెంటనే తడబడాలి, ఆగిపోయినా ఆశ్చర్యం లేదు, ఎందుకంటే క్రాంక్ కేసు (ఇంజిన్ అడుగు భాగం) కూడా, అందులోని ఆవిరిని లాగే పీసీవీ గొట్టం ద్వారా, ఇంటేక్‌కే (గాలి లోపలికి వెళ్లే దారికే) కలిసి ఉంటుంది. మూత తీసినా ఏ మార్పూ లేకపోతే ఇప్పటికే ఎక్కడో అంతకంత పెద్ద లీకు ఉందని అర్థం.

ఇక ఆ లీకు వెతకడం ఓపిక పని. ఎయిర్ ఫ్లో మీటర్‌కూ థ్రాటిల్ బాడీకీ (యాక్సిలరేటర్ నొక్కితే తెరుచుకునే గాలి ద్వారానికీ) మధ్య ఉన్న నల్ల రబ్బరు బూటును విప్పి చేత్తో వంచి చూడండి. పైనుంచి చూస్తే కొత్తదానిలా ఉంటుంది, కానీ అడుగువైపు మడతల్లో పగులు దాగి ఉంటుంది. నా బండిలో దొరికింది సరిగ్గా అక్కడే, అప్పటికి రెండు వారాంతాలు, ఒక సెట్ ప్లగ్గులు, ఒక ప్లగ్ వైర్ల సెట్టు అనవసరంగా ఖర్చయ్యాయి. ఆ తర్వాత ఇంటేక్ మేనిఫోల్డ్ కింద దాక్కున్న పీసీవీ గొట్టం, బ్రేక్ బూస్టర్ గొట్టం, ఇంజెక్టర్ల అడుగున రబ్బరు సీళ్లు, చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసేటప్పుడు అదనపు పెట్రోల్ పోసే కోల్డ్ స్టార్ట్ వాల్వ్ గాస్కెట్, ఆయిల్ మూత గాస్కెట్, చివరికి ఆయిల్ లెవల్ చూసే డిప్‌స్టిక్ పైన ఉండే సీలు కూడా చూడాలి. డిప్‌స్టిక్కే కదా అని వదిలేయకండి, అది వదులైనా గాలి లోపలికి వస్తుంది.

కంటికి కనపడకపోతే పొగ పెట్టండి. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు మీటర్ దగ్గర బూటు నోరు మూసేసి, బ్రేక్ బూస్టర్ గొట్టం దగ్గర నుంచి స్మోక్ మెషీన్‌తో చాలా తక్కువ ప్రెజర్‌లో పొగ పంపితే ఎక్కడ చిల్లు ఉంటే అక్కడి నుంచి సన్నగా బయటికొస్తుంది. కార్బ్ క్లీనర్ చల్లి ఆర్‌పీఎం మారుతుందేమో చూసే పద్ధతి చాలామంది చెబుతారు, నేను మాత్రం ఈ ఇంజిన్ మీద దాన్ని చేయొద్దంటాను. ఎల్28లో (ఈ బండి ఇంజిన్ పేరు అదే) ఇంటేక్, ఎగ్జాస్ట్ రెండూ ఒకే పక్కన, ఒకదాని కింద ఒకటి ఉంటాయి. ఏది కారినా వేడి ఎగ్జాస్ట్ మీదే పడుతుంది. ఇదే కారణంగా ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ పక్కన లేకుండా ఈ బండి పెట్రోల్ గొట్టాలు విప్పకండి. ఇంటేక్, ఎగ్జాస్ట్ రెండింటికీ కలిపి ఉన్న ఒక్క గాస్కెట్ కాలిపోయినా గాలి లీకు వస్తుంది, అలాంటప్పుడు సాధారణంగా చల్లగా ఉన్నప్పుడు టక్ టక్‌మని ఎగ్జాస్ట్ చప్పుడు కూడా వినిపిస్తుంది.

గాలి లీకు కాదు కానీ అలాగే వణికించేది ఈజీఆర్ వాల్వ్, ఎగ్జాస్ట్ పొగలో కొంత తిరిగి ఇంజిన్‌లోకి పంపేది. ఐడ్లింగ్‌లో అది పూర్తిగా మూసుకుని ఉండాలి. మసి పట్టి కొంచెం తెరుచుకుని ఉండిపోతే కాలిన పొగ మళ్లీ సిలిండర్లలోకి వెళ్తుంది. విప్పి శుభ్రం చేయండి.

తర్వాత కనెక్టర్లు. ఇంజెక్టర్లకూ సెన్సర్లకూ వచ్చే ప్లాస్టిక్ కనెక్టర్లు దాదాపు యాభై ఏళ్లవి, ముట్టుకుంటే విరిగిపోతాయి, లోపల పచ్చటి తుప్పు. తీగ క్లిప్పును సన్నటి స్క్రూడ్రైవర్‌తో ముందు తీసి, ఆ తర్వాతే కనెక్టర్ లాగండి, క్లిప్పు ఎగిరిపోకుండా వేలు అడ్డం పెట్టండి. అదే రకం కనెక్టర్లు ఎన్నో యూరప్ కార్లలోనూ ఉన్నాయి కాబట్టి కొత్తవి తేలిగ్గా దొరుకుతాయి. ఎనిమిదో పదో కొని అన్నీ ఒకేసారి మార్చేయడం నా సలహా.

వీటన్నిటిలో ముఖ్యమైనది వాటర్ టెంపరేచర్ సెన్సర్ కనెక్టర్. థర్మోస్టాట్ దగ్గర రెండు పిన్నులతో ఉంటుంది. డ్యాష్‌బోర్డు మీటర్‌కు వెళ్లేది ఒక్క వైరుది, దాంతో దీనికి సంబంధం లేదు, పక్కనే ఉన్న థర్మోటైమ్ స్విచ్‌తోనూ (కోల్డ్ స్టార్ట్ వాల్వ్‌ను నడిపేది) పొరబడకండి. సెన్సర్ పిన్నులకు మల్టీమీటర్ పెడితే 20 డిగ్రీల దగ్గర సుమారు 2,500 ఓమ్‌లు, 80 డిగ్రీల దగ్గర 300 చుట్టూ రావాలి. తుప్పు వల్ల ఒక 500 ఓమ్‌లు అదనంగా కలిశాయనుకోండి, వేడి ఇంజిన్‌ను కంట్రోల్ యూనిట్ ఇంకా చల్లగానే ఉందనుకుని పెట్రోల్ ఎక్కువ పోస్తుంది. ప్లగ్గులు నల్లబడటం, వెనక పెట్రోల్ వాసన, అప్పుడప్పుడు నల్ల పొగ. ఇలా ఉంటే సెన్సర్‌తోనే సరిపెట్టకండి, బ్యాటరీ నెగటివ్ తీసేసి, కంట్రోల్ యూనిట్ ప్లగ్ విప్పి, అక్కడి నుంచి అదే సెన్సర్‌ను కొలవండి. రెండు చోట్లా అంకె ఒకటే రావాలి. తేడా వస్తే తప్పు మధ్యలోని వైరులో ఉంది. ఈ ఒక్క కొలతతో చాలా డబ్బు మిగులుతుంది. ఎర్త్ పాయింట్లు కూడా విప్పి, గరుకు కాగితంతో రుద్ది బిగించండి.

ఇంకో గుర్తు చెప్తాను. ఇంజిన్ తడబడిన క్షణంలోనే ఆర్‌పీఎం ముల్లు ఒక్కసారిగా సున్నాకి పడుతుంటే ఇగ్నిషన్ కాయిల్ నెగటివ్ వైరును అనుమానించండి. ముల్లుకూ కంట్రోల్ యూనిట్‌కూ రెండింటికీ సిగ్నల్ అక్కడి నుంచే వెళ్తుంది.

మామూలు ట్యూనప్ గురించి ఎక్కువ చెప్పను. ప్లగ్ గ్యాప్ నా 1977 బండికి 1.0 నుంచి 1.1 మి.మీ., ట్యాపెట్లు ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడు ఇంటేక్ 0.25, ఎగ్జాస్ట్ 0.30 మి.మీ., టైమింగ్ (ప్లగ్ నిప్పురవ్వ వేసే సమయం) బానెట్ కింద స్టిక్కర్ మీద ఉన్న అంకెకు.

పెట్రోల్ ప్రెజర్ తప్పకుండా కొలవాలి. ఫిల్టర్‌కూ ఫ్యూయల్ రైల్‌కూ మధ్య గేజ్ పెట్టండి. ఐడ్లింగ్‌లో 30 పీఎస్ఐ దగ్గర ఉండాలి, పెట్రోల్ ప్రెజర్ రెగ్యులేటర్ వాక్యూమ్ గొట్టం తీస్తే 36కి లేవాలి. లేవకపోతే ఫిల్టర్, పంపు, రెగ్యులేటర్ ఆ వరుసలో చూడండి. ఆ వాక్యూమ్ గొట్టంలోనే పెట్రోల్ తడి కనిపిస్తే రెగ్యులేటర్ లోపలి పొర చిరిగింది, మార్చడమే. పనిలో పనిగా రబ్బరు పెట్రోల్ గొట్టాలన్నీ ఇంజెక్షన్ ప్రెజర్‌ను తట్టుకునే రకంతో మార్చేయండి.

ఇంకా ఒకే లయలో మిస్ అవుతుంటే ఇంజిన్ నడుస్తుండగా ఇంజెక్టర్ కనెక్టర్లు ఒక్కొక్కటిగా తీసి పెట్టండి. ప్రతిసారీ ఆర్‌పీఎం దాదాపు సమానంగా తగ్గాలి. ఏ కనెక్టర్ తీస్తే తేడా రాదో ఆ సిలిండరే పని చేయనిది. దాని ఇంజెక్టర్ మీద పొడవాటి స్క్రూడ్రైవర్ పెట్టి పిడిని చెవికి ఆనిస్తే టిక్ టిక్ వినిపించాలి. వినిపించకపోతే వైరింగ్, వినిపిస్తే ప్లగ్ లేదా మూసుకుపోయిన ఇంజెక్టర్, అదీ కాకపోతే కంప్రెషన్ చూడాలి.

ఉదయం మాత్రమే వణికి, ఐదు నిమిషాలకు సర్దుకుంటే అది ఎయిర్ రెగ్యులేటర్ సంగతి, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు అదనపు గాలి ఇచ్చేది అదే. చల్లగా ఉన్నప్పుడు దాని గొట్టం నొక్కితే ఆర్‌పీఎం పడాలి, బాగా వేడెక్కాక నొక్కితే మారకూడదు. ఎండలో ఆపి పది నిమిషాలకు తిరిగి స్టార్ట్ చేసినప్పుడు ఒక్క నిమిషం వణకడం వేరే విషయం, రైల్‌లో పెట్రోల్ వేడికి ఆవిరవుతోంది. టెక్సాస్ వేసవిలో ఇది నాకు ప్రతి ఏడాదీ ఉంటుంది.

ఇవన్నీ సరిగ్గా ఉన్నాయని తేలాకే స్క్రూల జోలికి వెళ్లండి. ఇంజిన్ పూర్తిగా వేడెక్కాక థ్రాటిల్ బాడీ మీది ఐడిల్ స్క్రూతో, మాన్యువల్ గేరు బండి అయితే, 800 దగ్గర పెట్టండి. ఎయిర్ ఫ్లో మీటర్ మీది బైపాస్ స్క్రూ లోపలికి తిప్పితే పెట్రోల్ పెరుగుతుంది, బయటికి తిప్పితే తగ్గుతుంది, తిప్పే ముందు ఇప్పుడు ఎన్ని చుట్లు ఉందో రాసుకుని పావు చుట్టు చొప్పున తిప్పి ముప్పై సెకన్లు ఆగి వినండి. మీటర్ నల్ల మూత కింద ఉండే పళ్ల చక్రాన్ని కదపకండి. పాత యజమాని ఎవరైనా కదిపారని అనిపిస్తే, ఇప్పుడున్న పన్ను మీద పెయింట్ చుక్క పెట్టాకే ముట్టుకోండి.