ఆటిజం ఉన్న మా బాబుకు బడి చప్పుళ్లను భరించదగ్గవిగా చేసిన విధం

ఆటిజం ఉన్న మా బాబు తరగతిలో చెవులు మూసుకుని బల్ల కిందికి దూరిపోతున్నాడని ఉపాధ్యాయురాలు చెప్పినప్పుడు, అది మొండితనం కాదని ముందుగా ఆమెకు వివరించాను. శబ్దం వంటి ఇంద్రియానుభూతులకు అతిగా స్పందించడాన్ని 2013లో వెలువడిన డీఎస్‌ఎం-5 (మానసిక రుగ్మతల నిర్ధారణకు వైద్యులు వాడే అమెరికా గ్రంథం) ఆటిజం నిర్ధారణ లక్షణాల్లో చేర్చింది. మనం పట్టించుకోని చప్పుడు ఈ పిల్లలకు నిజంగానే నొప్పి కలిగించవచ్చు.

ఏ వేళ, ఏ చప్పుడుకు బాబు ఇబ్బంది పడుతున్నాడో ఆమె ఓపికగా రాసి పెట్టారు. బడి గంట మోత కంటే ఎక్కువగా బాధపెడుతున్నది కుర్చీలను నేల మీద ఈడ్చినప్పుడు వచ్చే కీచు శబ్దమని దానివల్లే తెలిసింది. కుర్చీల కాళ్లకు మందపాటి ఫెల్ట్ ముక్కలు అంటించాం. గదిలో మిగతా పిల్లలకూ అది మేలే చేసింది. గంటను ఆపలేం కాబట్టి, అది మోగబోయే ముందు ఆమె బల్ల మీద బొమ్మ కార్డు పెట్టడం, అది చూసి వాడే హెడ్‌ఫోన్లు తొడుక్కోవడం అలవాటు చేశాం, ఎందుకంటే శబ్దం కన్నా అది హఠాత్తుగా రావడమే వాడిని ఎక్కువ భయపెట్టేది.

హెడ్‌ఫోన్లను రోజంతా ఉంచవద్దని ఆక్యుపేషనల్ థెరపిస్టు (రోజువారీ పనులు చేసుకోవడంలో శిక్షణ ఇచ్చే నిపుణులు) గట్టిగా చెప్పారు: ఎప్పుడూ చెవులు మూసి ఉంచితే మామూలు శబ్దాలకు కూడా ఓర్వలేనితనం పెరగవచ్చు.

నా దృష్టిలో అన్నిటికన్నా పనికొచ్చింది, నోరు తెరిచి అడగనక్కర లేకుండా చూపించి బయటికి వెళ్లగలిగే పసుపు కార్డు. వెళ్లే దారి తన చేతిలోనే ఉందని తెలిశాక, వాడు దాన్ని వాడటమే తగ్గింది. బడి అంతా ఒకచోట చేరే సమావేశం మాత్రం ఇప్పటికీ కష్టమే. మైకుకు దూరంగా, తలుపు పక్కన సగం సేపు ఉంటాడు, అంతకు మించి ఉండమని మేం అడగడం లేదు.