వానల ముందు బ్యాకప్: సైజులు చూపే స్క్రిప్టుతో జాగ్రత్త

అక్టోబర్ వచ్చిందంటే చెన్నైలో వేళచ్చేరి, ఓఎంఆర్ వైపు ఆఫీసుల్లో సర్వర్ గది గురించి టెన్షన్ మొదలవుతుంది. 2015 డిసెంబర్ వరదల్నీ, 2023 డిసెంబర్‌లో మిచౌంగ్ తుపాన్నీ చూసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. డేటాని ఎక్స్‌టర్నల్ డిస్క్‌లో వేసి, ఊరెళ్లేవాళ్ల చేతికిచ్చి పినాకిని రైల్లో విజయవాడ పంపడం చిన్న ఆఫీసులకు చవకైన పద్ధతే. అయితే కాపీ పెట్టేముందు, ఏ ఫోల్డర్ ఎంతుందో చూపే మీ షెల్ స్క్రిప్టుని (లినక్స్ ఆదేశాలు వరసగా రాసిన ఫైల్‌ని) ఒకసారి తెరిచి చూడండి.

మొదట యూనిట్ సంగతి. ఫోల్డర్ సైజు చెప్పే ఆదేశం ‘డియు -హెచ్’ది 1024 లెక్క, అంటే 1 కేబీకి 1024 బైట్లు. డిస్క్ పెట్టె మీద ఉండేది 1000 లెక్క. అందుకే 1 టీబీ డిస్క్ లినక్స్‌లో సుమారు 931జి అనే కనిపిస్తుంది. స్క్రిప్టు 940జి అంటోంది కదా, పట్టేస్తుందిలే అని రాత్రి కాపీ పెట్టి ఇంటికెళ్తే, డిస్క్ నిండి మధ్యలోనే ఆగిపోతుంది. పైగా కాపీ చేసే ఆదేశం ‘ఆర్‌సింక్ -హెచ్’ది 1000 లెక్క, ‘-హెచ్‌హెచ్’ ఇస్తేనే 1024. రెండుచోట్లా రెండు అంకెలు కనిపిస్తే డేటా పోయిందని కంగారుపడకండి.

వర్చువల్ మెషీన్ ఇమేజ్‌లు (కంప్యూటర్ లోపల నడిచే మరో కంప్యూటర్ డిస్క్‌ని ఫైల్‌గా దాచినవి) ఉంటే ‘డియు’ మాట ఒక్కటే నమ్మొద్దు. అది చెప్పేది డిస్క్ మీద నిజంగా వాడిన చోటు. లోపల ఖాళీలున్న ఫైల్‌ని ఆర్‌సింక్ ‘-ఎస్’ పెద్దక్షరం లేకుండా కాపీ చేస్తే ఆ ఖాళీలన్నీ సున్నాలతో నిండి ఫైల్ ఉబ్బిపోతుంది. ‘డియు -బి’తో అసలు సైజు కూడా చూసుకోండి.

అసలు ప్రమాదం పాత ఫైళ్లు తీసేసే స్క్రిప్టుల్లో ఉంది. సైజుని ‘2జి’ రూపంలో వేరియబుల్‌లో పెట్టి ‘-జీటీ 500’తో (500 కంటే పెద్దదా అని) పోల్చారనుకోండి. అది పూర్ణాంకం కాదని బాష్ (స్క్రిప్టుని నడిపే ప్రోగ్రాం) ఒక ఎర్రర్ పడేసి, ఆగకుండా షరతు నెగ్గకపోతే నడిచే ఎల్స్‌లోకి వెళ్లిపోతుంది. ఎల్స్‌లో ఫైళ్లు తుడిచేసే ‘ఆర్ఎం’ ఉంటే ఇక అంతే! క్రాన్‌లో, అంటే వేళకి దానంతటదే, నడుస్తుంటే ఆ ఎర్రర్ చూసేవాడే ఉండడు. కూడికైనా పోలికైనా బైట్లలోనే జరగాలి. జి, ఎం అక్షరాలు తెరమీద చూపించే చివరి లైన్లోనే రావాలి.

ఆ చివరి లైన్లోనూ చిక్కులున్నాయి. బాష్‌కి దశాంశాలు రావు. 1900ని 1024తో భాగిస్తే 1 అని ఊరుకుంటుంది, మిగతా 876 లెక్కలోకే రాదు. భాగహారం దశాంశాలు వచ్చిన ఆక్ ఆదేశానికి అప్పజెప్పండి. లేదా బైట్లని జి, ఎంలుగా మార్చే ‘నమ్‌ఎఫ్‌ఎంటీ’ వాడండి, నా ఓటు దానికే. దాని ‘--టు’ ఆప్షన్‌కి ‘ఐఈసీ’ ఇస్తే 1024, ‘ఎస్ఐ’ ఇస్తే 1000. మ్యాక్‌లో మాత్రం అది ముందుగా ఉండదు. వరసలో పెట్టేటప్పుడు ‘సార్ట్ -ఎన్’ 900ఎంని 2జి కంటే పెద్దదంటుంది, ‘-హెచ్’ ఇవ్వండి.

సొంతంగా ఫంక్షన్ రాసుకుంటే 0, 1023, 1024 ఇచ్చి చూడండి. 1 ఎంబీకి ఒక్క బైటు తక్కువైన 1048575 కూడా ఇవ్వండి. చాలామంది ఫంక్షన్లు ఇక్కడ 1.0ఎం అనకుండా 1024.0కె అంటాయి.