నాలుగైదు రోజుల ట్రెక్‌కి బ్యాగ్ కొంటున్నారా, ముందు వీపు కొలుచుకోండి

బ్యాగ్ కొనేటప్పుడు చాలామంది మొదట అడిగేది ఎన్ని లీటర్లు అని, తర్వాత జేబులెన్ని, ఆ తర్వాత రంగు. వీపు పొడవు సంగతి ఎవరికీ గుర్తుకే రాదు, తీరా రెండో రోజు మధ్యాహ్నానికి భుజాలు పీకేస్తుంటే బ్యాగ్ కంపెనీని తిట్టుకుంటారు. వీపుకి గాలి ఆడే బ్యాగ్ కావాలన్నా సరే మొదలెట్టాల్సింది వీపు దగ్గరే, ఎందుకో కింద చెప్తా.

మీ ఎత్తుని బట్టి వీపు పొడవు ఇంత అని చెప్పలేం. ఆరడుగుల మనిషికి కాళ్లు పొడుగై వీపు పొట్టిగా ఉండొచ్చు. తల ముందుకి వంచితే మెడ అడుగున ఒక ఎముక బుడిపెలా చేతికి తగుల్తుంది, కొలత అక్కడ మొదలు. ఇప్పుడు రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని తుంటి ఎముక పై అంచు ఎక్కడుందో తడుముకోండి, బొటనవేళ్లు వెనక్కి తిప్పి ఆ ఎత్తులోనే ఆనించండి, రెండు వేళ్లనీ కలుపుతూ వీపు మీద ఒక గీత ఊహించుకుంటే కొలత అక్కడ ఆగుతుంది. టేపు వేరేవాళ్ల చేత పట్టించండి, మీరే వంకర్లు తిరిగి కొలుచుకుంటే లెక్క తప్పుతుంది. వచ్చిన సెంటీమీటర్లని మీరు కొనబోయే మోడల్ సైజ్ చార్ట్‌లో చూసుకోండి, ఒక కంపెనీ మీడియం ఇంకో కంపెనీ మీడియంతో సరిపోవాలని ఏం లేదు. రెండు సైజుల మధ్యలో పడితే, వీపు పొడవు అడ్జస్ట్ చేసుకునే మోడల్ బెటర్.

ఇంక గాలి సంగతి. గాలి ఆడే బ్యాగుల్లో ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి, ఫ్రేమ్‌ని కాస్త విల్లులా వంచి దానికి మెష్, అంటే వల లాంటి గుడ్డ, లాగి కడతారు, బిగించిన నవారు మంచంలా ఉంటుంది, మీ వీపు మెష్‌కే తగుల్తుంది, బ్యాగ్‌కి వీపుకి మధ్య ఖాళీలో గాలి ఆడుతుంది. డాయిటర్ కంపెనీ 1984లోనే ఎయిర్‌కంఫర్ట్ అని ఇలాంటిది తెచ్చింది, ఆస్ప్రే వాళ్ల యాంటీగ్రావిటీ మోడల్స్‌లో అయితే ఆ మెష్ వీపు దగ్గర ఆగకుండా హిప్ బెల్ట్ (తుంటి చుట్టూ కట్టుకునే బెల్ట్) దాకా వచ్చేస్తుంది. రెండోది ఫోమ్ ప్యాడ్లు, మధ్యలో గాలి పోవడానికి కాలువలు. చెమట తగ్గించడంలో మెష్‌దే పైచేయి, అందులో డౌట్ లేదు, కానీ చెమటే పట్టదని మాత్రం అనుకోకండి, ఎండలో ఎక్కేటప్పుడు ఏ బ్యాగ్ వేసుకున్నా చొక్కా తడుస్తుంది, తేడా ఏంటంటే మెష్ అయితే నీడలో ఆగినప్పుడు త్వరగా ఆరుతుంది.

ఆ ఖాళీ ఊరికే రాదండీ. బరువు మీ ఒంటికి దూరంగా జరుగుతుంది, అంటే బ్యాగ్ మిమ్మల్ని వెనక్కి లాగుతుంది, రాళ్ల మీద దిగేటప్పుడు ఆ తేడా బాగా తెలుస్తుంది. పైగా ఫ్రేమ్ వంపు లోపలికి పొడుచుకొస్తుంది కాబట్టి గట్టి డబ్బాల్లాంటివి సర్దడం తలనొప్పి. అందుకే డాయిటర్ వాళ్లే బరువు ఎక్కువ మోసేవాళ్లకి వీపుకి అతుక్కునే ఫోమ్‌తో ఎయిర్‌కాంటాక్ట్ అని వేరే లైన్ అమ్ముతారు. నన్నడిగితే పన్నెండు పదమూడు కిలోల లోపు, మంచి దారి, ఎండ ఎక్కువ అంటే కళ్లు మూసుకుని మెష్, అంతకంటే బరువైనా, చేతులతో రాళ్లు పట్టుకుని ఎక్కే దారైనా ఫోమ్.

ఇప్పుడు వీపు కొలత ఎందుకన్నానో. బరువులో చాలా భాగం హిప్ బెల్ట్ మీద, అంటే తుంటి ఎముకల మీద పడాలి, భుజాలది బ్యాగ్ ఊగకుండా పట్టుకునే పని మాత్రమే. సైజ్ తప్పితే బెల్ట్ పొట్ట మీదకో పిరుదుల మీదకో పోతుంది, మెష్ వంపు మీ వీపు వంపుకి కుదరదు, ఒకే చోట రాసుకుపోతుంది, ఎంత గాలి ఆడితే ఏం లాభం.

షాపులో ఖాళీ బ్యాగ్ వేసుకుని అద్దంలో చూసుకుంటే ఏం తెలీదు. ఎనిమిది పది కిలోలు పెట్టమనండి, స్ట్రాప్స్ అన్నీ లూజ్ చేసి ముందు హిప్ బెల్ట్ తుంటి ఎముకల మీద బిగించండి, తర్వాత భుజాల స్ట్రాప్స్, తర్వాత భుజాల పైన బ్యాగ్‌ని దగ్గరికి లాగే చిన్న స్ట్రాప్స్, అదే లోడ్ లిఫ్టర్స్ (ఇవి సుమారు 45 డిగ్రీల వాలులో ఉండాలి, మరీ లాగేయొద్దు), చివర్లో ఛాతీ స్ట్రాప్, ఊపిరి ఫ్రీగా ఆడేంత. ఒక పావుగంట నడవండి, మెట్లుంటే ఎక్కి దిగండి. భుజం మీద స్ట్రాప్‌కీ చొక్కాకీ మధ్య ఖాళీ కనిపించినా, మెడ పక్కన కోసుకున్నట్టున్నా ఆ సైజ్ మీది కాదు. ఆడవాళ్ల మోడల్స్‌లో స్ట్రాప్స్ వంపు, బెల్ట్ ఆకారం వేరేగా ఉంటాయి, ఏది కుదిరితే అది తీసుకోండి, లేబుల్ పట్టించుకోకండి.

లీటర్లు ఆఖర్న. టెంటూ స్లీపింగ్ బ్యాగూ కొనేశాకే బ్యాగ్ కొనండి, అవి ఎంత చోటు పడితే అంత, మామూలుగా రెండు మూడు రాత్రులకి 40-50, అంతకు మించితే 55-65 సరిపోతుంది. పెద్దది కొంటే నింపేస్తారు, అది మనిషి స్వభావం.

ఇంకోటి, లోపల నీళ్ల బ్లాడర్ (గొట్టంతో తాగే మెత్తటి నీళ్ల సంచి) పెడితే అది ఉబ్బి మెష్ వైపు ఖాళీలోకి తోసుకురావచ్చు, గాలి కోసం పెట్టిన డబ్బులు అక్కడే పోతాయి, బ్లాడర్ పెట్టి చూసే కొనండి. ట్రెక్ అయ్యాక మెష్‌ని గోరువెచ్చని నీళ్లు, కొంచెం సబ్బుతో చేత్తో కడిగి నీడలో ఆరేయండి, చెమట ఉప్పు గట్టిపడితే మెష్ గరుకై వీపు గీసుకుపోతుంది, వాషింగ్ మెషీన్‌లో మాత్రం వేయొద్దు.